‘ఎవరూ తెరవరాదు’ అను ఫోల్డరు

ఇంటిల్లిపాదికీ ఒకే కంప్యూటరు ఉండడం, అందులో ఎవరి ఫోల్డరునైనా ఎవరైనా తెరిచి చూడడం పెద్ద బాధ అని లోకం గోల పెడుతోంది. నేను ఒప్పుకోను. అది వరం. డెబ్బై మూడేళ్ల వయసులో, కాన్వెంటు సిస్టర్ల బెత్తం సాక్షిగా చెబుతున్నాను.

నిరుడు నా జీవితచరిత్ర రాసి ‘జ్ఞాపకాలు’ అన్న ఫోల్డరులో ఉంచాను. పదకొండు నెలలు గడిచాయి. ఒక్క ప్రాణీ అటు తొంగి చూడలేదు.

అందులో పన్నెండో పేజీ మా చెల్లెలిపై అభియోగపత్రం. అరవై రెండేళ్ల క్రితం, బడిలో పద్యపఠన పోటీలో, నేను కంఠస్థం చేసిన పద్యాన్ని నాకంటే ముందు లేచి అప్పజెప్పి, నాకు రావలసిన పతకాన్ని కొట్టేసిన ఘనురాలు ఆమె. ఈ ఇంట్లోనే ఉంటుంది. కనుక శాంతిభద్రతల దృష్ట్యా ఫోల్డరు పేరు మార్చాను: ‘ఎవరూ తెరవరాదు’.

సాయంత్రానికల్లా అందరూ చదివేశారు!

రచయిత్రికి ఇంతకన్నా ఏం కావాలి? మా అల్లుడు దంతవైద్యుడు. పరుల నోళ్లలోకి చూడడం ఆయన వృత్తి, పరుల ఫోల్డర్లలోకి చూడడం ఆయన విశ్రాంతి. “అత్తయ్యగారూ, ఏడో పేజీలో కామా ఒకటి ఊగుతోంది, పీకేశాను,” అన్నాడు. మా అమ్మాయి తన పుట్టిన సంవత్సరాన్ని రెండేళ్లు ముందుకు జరిపింది. ఇంత శ్రద్ధగల సంపాదకవర్గం ఎవరికుంది?

చెల్లెలు మాత్రం పన్నెండో పేజీ కింద ఎర్ర అక్షరాలతో రాసింది: “సిస్టర్ నీ పేరు పిలిచినప్పుడు నువ్వు బల్లమీద తలపెట్టి నిద్రపోతున్నావు. ఇంటి పరువు పోతుందని నేను లేచాను.”

“నేను కళ్లు మూసుకుని పద్యం నెమరువేసుకుంటున్నాను,” అన్నాను.

“గురకతో సహానా అక్కా?” అంది.

అంతటితో ఊరుకుందా? ‘అక్క చూడకూడదు’ అని తన ఫోల్డరు ఒకటి సృష్టించి, దానికి పాస్‌వర్డు బిగించింది. ఒకే గూటి పక్షుల మధ్య తాళమా? ఇదేం సంస్కారం? నా పతకం గురించిన సాక్ష్యం అందులో ఉండి తీరాలి. దాన్ని తెరవడం కుతూహలం కాదు, న్యాయవిచారణ.

తెరపై సూచన కనిపించింది: ‘అక్క నాకు ఎన్నడూ చెప్పని మాట’.

‘శభాష్’ అని కొట్టాను. తెరుచుకోలేదు. ‘నువ్వే గెలిచావు’ అని పళ్లు బిగబట్టి కొట్టాను. లేదు. నాలుగు రోజులు, ముప్పై ఎనిమిది మాటలు. చివరికి మొన్న మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ, కేవలం పరీక్షార్థం, ‘క్షమించు’ అని కొట్టాను.

తెరుచుకోలేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది. మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ‘క్ష’ రాదు. ఆ అక్షరం కోసం ఆమె తిన్నన్ని బెత్తం దెబ్బలు మా తరగతులన్నీ కలిపినా తినలేదు. ఆమె రాసేది ‘చమించు’.

పాఠకులారా, నా స్థితి ఊహించండి. తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు, తప్పుతో ఒప్పుకోవడం ఇంకొక ఎత్తు. తలుపు గడియ పెట్టి, ఒక్కొక్క అక్షరమే నొక్కాను.

తెరుచుకుంది. లోపల ఒకే ఒక ఫైలు, అందులో రెండే వాక్యాలు: “సరేలే అక్కా. పతకం నా కుట్టుమిషను సొరుగులోనే ఉంది, తీసుకో.”

ఆ కుట్టుమిషను కంప్యూటరు పక్కనే ఉంటుంది. దానిమీదే రోజూ నా కళ్లజోడు పెడతాను. సొరుగు లాగితే వచ్చేసింది. దారపు ఉండల మధ్య పతకం. ఆ సొరుగుకు ఏనాడూ తాళం లేదు.

ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? తాళం వేసి ఉంటే, మొదటి వారంలోనే తెరిచేదాన్ని కదా!