కేకెయ్యకుండా వేసిన వాఫుల్

ఆదివారం భార్య లోర్నా నిద్ర లేచేసరికి బల్ల మీద వేడి వేడి వాఫుల్స్ ఉండాలన్నది ఎర్ల్ పథకం. ఫలహారం కాగానే ఆమె టూసాన్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, బఫెలో నగరం వదిలి వచ్చేసేదీ లేనిదీ తేల్చి చెప్పబోతోంది. ఎర్ల్‌కి వెళ్ళడం ఇష్టం లేదు. బతుకంతా ఈ మంచులో సిటీ బస్సు నడిపినవాడు ఎడారిలో కూర్చుని ఏం చేస్తాడు? "ఈ ఇంటికేం తక్కువ?" అని వాదించి వాదించి అలిసిపోయాడు. మాటలతో కాని పని పిండితో అవుతుందేమోనని చూస్తున్నాడు.

ఆ ఇంటికేం తక్కువో మూడంతస్తుల్లో ఎవరినడిగినా చెబుతారు. కరెంటు. యజమాని ప్రెంటిస్ ఏటేటా అద్దె పెంచాడు గానీ తాతలనాటి తీగల జోలికి పోలేదు. భవనం మొత్తానికి ఒకటే ఫ్యూజు. అది నేలమాళిగలో, తాళం వెనక. తాళంచెవి ప్రెంటిస్ జేబులో. అందుకని వేడెక్కే సామాను ఏది పెట్టాలన్నా ముందు మెట్ల దగ్గరికొచ్చి కేకేయడం అక్కడి ఆచారం. "ఇస్త్రీ పెడుతున్నా" అని ఒకరంటే మిగతావాళ్ళు హీటర్లు ఆపుకుని వణికేవారు. జనం ఇలా సర్దుకుపోబట్టే ప్రెంటిస్ లాంటివాళ్ళు హాయిగా నిద్రపోతారు.

ఆ పొద్దున ఎర్ల్ కేకేయలేదు. వేస్తే లోర్నా లేస్తుంది. లేచి, కాఫీకి కూడా దండోరా వేయాల్సిన కొంప ఇదని మళ్ళీ తలుచుకుంటుంది.

పిండి కలిపాడు. వాఫుల్స్ కాల్చే మూత పెనం ప్లగ్గు పెట్టి, వేడెక్కేదాకా వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. గరిటెడు పోసి మూత వేశాడు. నిలవలేక ఎత్తి చూశాడు. అంటుకుంది. మళ్ళీ మూశాడు. అప్పుడే పైన ఎవరి హీటరో గుర్రుమంది. టప్పుమని భవనమంతా చీకటైపోయింది.

"ఎవరది కేకెయ్యకుండా పెట్టింది?" మెట్ల మీంచి హయసింత్ గొంతు. పైఅంతస్తులో ఉండే ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ అడిగితే చేయనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఎర్ల్ బయటికి పరిగెత్తాడు. "నేనూ అదే అడుగుదామని వస్తున్నా."

"నీ దగ్గర వెనిల్లా వాసనొస్తోందేం?"

"సబ్బు."

"సబ్బు మాడుతుందా ఎర్ల్?"

దుప్పట్లు కప్పుకుని జనం మెట్ల మీదికి చేరుతున్నారు. ఎర్ల్‌కి చెమట పట్టింది. "మనలో మనకి తగువెందుకు? తప్పంతా ఆ ప్రెంటిస్‌ది. పిలవండి వాణ్ణి," అన్నాడు. తప్పించుకోడానికి అన్న ముక్క అది. జనం చప్పట్లు కొట్టారు. చలికి చేతులు రుద్దుకోవడమూ అయుండొచ్చు. మొత్తానికి తమ తరఫున ఎర్లే మాట్లాడాలని తేల్చేశారు.

ప్రెంటిస్ పైజామా మీద ఓవర్‌కోటు తగిలించుకుని వచ్చాడు. ఎర్ల్ గొంతు సవరించుకునే లోపే అందుకున్నాడు. "ఎవడో కేకెయ్యకుండా ఏదో పెట్టాడు. ఇల్లిల్లూ చూస్తా. దొరికినవాడి చేత ఈ నెలే ఖాళీ చేయిస్తా."

మెట్ల దగ్గర మొదటి తలుపు ఎర్ల్‌దే. టూసాన్ కళ్ళ ముందు మండింది.

ఆ తలుపు తెరుచుకుంది. లోర్నా గౌనులో నిలబడి ఉంది. చేతిలో వాఫుల్ పెనం, దాని అంచు నుంచి కారుతున్న పచ్చిపిండి.

"వెతుక్కోనక్కర్లేదు. నేనే పెట్టాను," అంది. "ఆదివారం పూట నా ఇంట్లో నేను వాఫుల్ వేసుకున్నా. చేయించండి ఖాళీ."

ఎర్ల్ నోరు తెరిచాడు. ఆమె అతని కాలు తొక్కింది. మూసుకున్నాడు.

హయసింత్ ఒక మెట్టు దిగింది. "నా హీటర్ రాత్రి నుంచి ఆన్‌లోనే ఉందండీ. నేనూ కేకెయ్యలేదు. నా చేతా ఖాళీ చేయించండి."

"నేను జుట్టు ఆరబెట్టుకుంటున్నా," అంది వెనక నుంచి ఒకామె. ఇంకెవరో రొట్టె కాల్చుకుంటున్నానన్నారు. అసలు ఆ భవనంలో కేకేయడం ఎప్పుడో మానేశారని, ఎవరికి వారు దొంగతనంగా వెచ్చబడుతున్నారని అప్పుడు బయటపడింది.

భవనమంతా ఖాళీ చేయిస్తే అద్దె ఇచ్చేదెవరో ప్రెంటిస్‌కి తట్టినట్టుంది. "రేపు ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తాలెండి," అని గొణిగాడు.

"తీగలు మార్చాకే అద్దె," అంది లోర్నా. ఈసారి చప్పట్లు చలికి కావు.

ప్రెంటిస్ ఫ్యూజు వేసి గబగబా బయటపడ్డాడు. గుమ్మంలో ఎర్ల్ నసిగాడు. "మరి... టూసాన్ ఫోను?"

"ఎలా వెళ్తాను? వీణ్ణిలా వదిలేసి?"

ఎర్ల్ కళ్ళు చెమ్మగిల్లాయి. తీరా ఆమె చూపు వెంట చూస్తే అది కారెక్కుతున్న ప్రెంటిస్ మీద ఉంది.

"ఇంకోసారి మూత అంత తొందరగా ఎత్తకు," అని పెనం అతని చేతిలో పెట్టి, లోర్నా పైకి హయసింత్ ఇంట్లో అద్దెవాళ్ళ మీటింగుకి వెళ్ళిపోయింది. తీగలు మారాయి. తర్వాత కారే ఇంటి కప్పు సంగతి వచ్చింది, ఆ తర్వాత పక్క వీధి ఇళ్ళ సంగతి.

ఎర్ల్ కోరుకున్నదే జరిగింది. భార్య ఊరు వదల్లేదు, ఇంట్లో దొరకడమే మానేసింది.