ఏ ఎక్కువైంది

తెలంగాణను కళ్లారా చూసేదాకా శిబిరం వదిలేది లేదని ఎల్బీనగర్ చౌరస్తాలో లింగస్వామి గారు ప్రకటించారు. రిలే దీక్షే అయినా రోజూ ఆయనే కూర్చునేవారు. సాయంత్రం నిమ్మరసం, మధ్యలో విటమిన్ ఏ గోళీలు. గోళీ అన్నం కిందికి రాదని శిబిరం లాయరు ముందే తేల్చాడు. కళ్లారా చూడాలంటే కళ్లు బాగుండాలి. కళ్లకు మంచిదన్నాక ఒకటెందుకు, గుప్పెడు.

అక్క అండాలమ్మ ఆ గుప్పెళ్లు లెక్కపెడుతూ వచ్చింది. పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్న మనిషి. భర్తను, ఇద్దరు తమ్ముళ్లను కాటికి సాగనంపింది. మిగిలింది ఈయనొక్కడే.

“తమ్మీ, గీ గోళీలు ఎక్కువైతే జుట్టు రాలుతదట, లివర్ ఖరాబైతదట. పేపర్ల రాసిండ్రు.”

“ఏ పేపరక్కా?”

ఆమె దాని పేరు చెప్పింది.

“గది ఆంధ్రోళ్ల పేపరు.”

జుట్టు రాలింది. ‘ఉద్యమానికి తలనీలాలిచ్చిన నేత’ అని దిల్‌సుఖ్‌నగర్ దాకా ఫ్లెక్సీలు వెలిశాయి. పెదాలు పగిలాయి. నీళ్లందని నేలకు ఇదే సాక్ష్యమని విలేకరులు దగ్గరగా ఫొటోలు తీసుకున్నారు. తర్వాత తలనొప్పి పట్టుకుంది.

“తిరుపతీ, నాకు అన్నీ రెండుగ కనవడ్తున్నయిరా.”

“మనం అడిగేది గదేగదన్నా,” అన్నాడు ముఖ్య అనుచరుడు తిరుపతి.

ఆ రోజు శిబిరానికి జనం రెట్టింపు వచ్చారని లింగస్వామి గారు మైకులో చెప్పారు. కళ్లారా చూసి చెప్పిన మాట. చెప్పి, వాంతి చేసుకుని పడిపోయారు.

దవాఖానలో డాక్టర్ భానుమూర్తి గారిది భీమవరం. “విటమిన్ ఏ ఎక్కువైందండీ. లివర్ వాచింది. మాత్రలు ఆపేస్తే సర్దుకుంటుంది, లేదంటే ప్రాణం మీదికొస్తుంది.”

ఆయన అటు వెళ్లగానే లింగస్వామి గారు మూలిగారు. “ఆంధ్ర డాక్టరు ఆపమంటే ఆపుతనా?”

అండాలమ్మ గోళీల డబ్బా పట్టుకుని మంచం దగ్గరికి జరిగింది. “తమ్మీ, నీ బండి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాసినవ్ గద. చెరిపిన దాంట్ల మొదటి అక్షరం ఏంది?”

“ఏ.”

“మరి గీ డబ్బా మీద?”

లింగస్వామి గారు డబ్బాను దూరంగా నెట్టారు. “జల్ది పడేయక్కా,” అన్నారు.

సాయంత్రం శిబిరం నుంచి ప్రకటన వెలువడింది: ‘మా నేత ఒంట్లో ఏ ఎక్కువైంది. వెళ్లగొడుతున్నాం. అది పోతే కోలుకుంటారని ఆంధ్ర డాక్టరే ఒప్పుకున్నారు.’

కోలుకున్నారు. చూపు కుదుటపడింది. డప్పులతో, దండలతో శిబిరానికి తిరిగొచ్చి, మైకు అందుకుని జనం వైపు చూశారు. కళ్లు నులుముకుని మళ్లీ చూశారు. జనం సగమే ఉన్నారు.

మైకును అరచేత్తో మూసి అక్క వైపు వంగారు.

“అక్కా, గా డబ్బా ఏడ వడేసినవ్?”