మూడు కూతల ఇంటర్వ్యూ

ఆ రోజు పొద్దున టైలరు వేసుకున్న పథకంలో పైకి ఏ లోపమూ కనిపించదు. పది గంటలకు అతని భార్యకు ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. కంప్యూటర్లు మొరాయించి ఫోన్ చేసేవాళ్ళకు ఓపిగ్గా దారి చెప్పే హెల్ప్‌లైన్ ఉద్యోగం. రెండేళ్లుగా దరఖాస్తులు పెడుతుంటే ఇన్నాళ్లకు వచ్చిన ఒకే ఒక్క పిలుపు. ల్యాప్‌టాప్ చూస్తే ముసలిది. అది కళ్ళు తెరిచేలోపు ఒక చొక్కాకు కాజాలన్నీ కుట్టేయవచ్చు. దానికోసం భార్య కొన్న కొత్త మెమరీ ముక్క సొరుగులో ఉంది. ఆమె స్నానానికి వెళ్ళగానే దాన్ని బిగించేసి శభాష్ అనిపించుకోవాలి, అంతే.

"ఇంటర్వ్యూ అయ్యాక నేనే వేస్తాను, మీరు ముట్టుకోకండి" అని ఆమె ముందురోజే చెప్పింది. ఆరు నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేసిన మనిషి.

"నువ్వు చదివావు, నేను విప్పాను. నలభై కుట్టుమిషన్లు!" అని అతను కొట్టిపారేశాడు.

విప్పడం మాత్రం నిజంగానే బాగా విప్పాడు. సూదులు ఏరే అయస్కాంతంతో పదమూడు మరలూ తీసి గుండీల డబ్బాలో వేశాడు. కొత్త ముక్క లోపలికి దిగనని మొండికేసింది. చేతి అలవాటు కొద్దీ రెండు చుక్కలు మిషన్ నూనె వేశాడు. పాత ముక్క ఏం పాపం చేసిందని దాన్నీ ఊడబీకి, దానికీ రెండు చుక్కలు వేసి, రెండింటినీ దూర్చి మీట నొక్కాడు. తెర నల్లగానే ఉంది. లోపలినుంచి మాత్రం కుయ్, కుయ్, కుయ్ అని మూడు కూతలు. కాస్త ఆగి మళ్ళీ మూడు.

వంటింట్లోంచి టైలరు తల్లి పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, పొగ అలారంరా! ఇల్లంటుకుంది!" అంటూ మెయిన్ స్విచ్ కట్టేసింది. బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ కూతలు మానలేదు.

"కరెంటు తీసేసినా అరుస్తోందిరా నాయనా!" అని పెద్దావిడ నీళ్ళ బకెట్టు అందుకుంది.

"అమ్మా, వద్దే!" అంటూ కొడుకు ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని గదంతా పరుగు. వెనకాల బకెట్టుతో తల్లి. కాలు తగిలి గుండీల డబ్బా బోర్లాపడింది.

తలకు తువ్వాలు చుట్టుకుని భార్య పరుగున వచ్చింది. గడియారంలో పది దాటింది. కరెంటు లేదు, ఇంటర్నెట్టు లేదు, రెండేళ్ల ఆశ మొగుడి చంకలో కుయ్‌మంటోంది. ఆమె కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అప్పుడే ఫోన్ మోగింది.

"మీరు వీడియోలోకి రాలేదే! ఫోన్లోనే కానిద్దామా?" అంది అవతల మేనేజరు మేడమ్. "అన్నట్టు, ఏమిటండీ ఆ చప్పుడు?"

ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ఆమె స్పీకరు నొక్కి, గొంతు సవరించుకుని, మొగుడి వైపు తిరిగింది.

"నమస్కారం సార్. మూడు కూతలంటే మెమరీ అందడం లేదని అర్థం. ముందు ఆఫ్ చేసి, బ్యాటరీ తీయండి."

"సార్ ఏమిటే? నేను నీ మొగుణ్ణి!"

"అర్థమైంది సార్. బ్యాటరీ తీశారా?"

"తీశాను. నేనేం చెయ్యలేదు, దానంతటదే పాడైంది!"

"అలాగే సార్. ముక్కలకి ఏమైనా రాశారా?"

"కొంచెం... నూనె."

ఫోన్లో మేడమ్ ఎందుకో దగ్గింది.

"పర్వాలేదు సార్. రెండూ బయటికి తీసి, పొడిగుడ్డతో బాగా తుడవండి. లోపల కూడా. ఇప్పుడు ఏటవాలుగా తోసి, టక్కుమనేదాకా కిందికి నొక్కండి."

"టక్కుమనట్లేదు! నీ కోర్సు దండగ!"

"ఇంకొంచెం గట్టిగా సార్."

టక్. రెండోదీ టక్. బ్యాటరీ పెట్టి మీట నొక్కితే తెర తళుక్కుమని వెలిగింది. పెద్దావిడ బకెట్టు దించింది.

"ఇంటర్వ్యూ అయిపోయిందండీ, సోమవారం వచ్చి చేరండి" అంది మేడమ్. "ఇంత ఓపిక నేనెక్కడా చూళ్ళేదు. మీవారితో రిహార్సల్ కూడా భలే చేయించారు! మొండి కస్టమర్‌ని అచ్చు గుద్దినట్టు దించేశారు. కొత్తవాళ్ళ శిక్షణకి ఆయన్ని కూడా పంపిస్తారా?"

భార్య గుండీల మధ్య కూలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. టైలరు కాలరు సరిచేసుకున్నాడు.

ఇప్పుడు ప్రతి శనివారం అతను ఆ ఆఫీసుకు నటించడానికి వెళ్తున్నాడు. అది నటన కాదన్న సంగతి భార్య ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.