గేటు దాకా మార్గదర్శనం

మా ఉన్నత పాఠశాలలో మార్గదర్శక విభాగం ఏర్పాటైన సంగతి ప్రజలందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాను. అంతకుముందు మా పిల్లలకు ఇంటినుంచి బడికి, బడినుంచి ఇంటికి మాత్రమే దారి తెలుసు. జీవితంలో దారి కావాలంటే ఎవర్ని అడగాలో తెలిసేది కాదు. ఇప్పుడు దానికొక గది ఉంది.

నేను ఈ బడిలో పంతొమ్మిదేళ్లుగా గుమస్తాను. జరిగింది జరిగినట్టు చెప్పగలను. అవసరమైతే జరగనిది జరిగినట్టు రాయగలను కూడా. ఇక్కడ మాత్రం మొదటి పనే చేస్తున్నాను.

ప్రతి ఉన్నత పాఠశాలలోనూ మార్గదర్శక విభాగం ఉండాలనీ, దానికొక గది, ఒక బోర్డు, ఒక మనిషి ఉండాలనీ పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మా హెడ్మాస్టరు గారు ఆ వరుసలోనే ఏర్పాట్లు చేశారు. సైన్సు సామాను పెట్టే గదిలో గాజు సీసాలు పక్కకు జరిపి బల్ల వేయించారు. అస్థిపంజరాన్ని మూలకు నెట్టారు. సైన్సు మేస్టారు తన తెల్లకోటు ఎప్పటిలాగే దాని భుజాలకే తగిలించుకునేవారు. బోర్డు రాసిన పెయింటరు, 'మార్గదర్శక విభాగం' కింద తన అలవాటు కొద్దీ 'అనుమతి లేనిదే లోపలికి రారాదు' అని కూడా చేర్చాడు. అడగకుండానే చేర్చినందుకు హెడ్మాస్టరు గారు అతణ్ణి మెచ్చుకున్నారు.

ఇక మనిషి. ఆ ఏడే కుట్టుపని పాఠం ఎత్తేయడంతో కుట్టు టీచరు గారు ఏ పనీ లేకుండా మిగిలిపోయారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మిగిలిపోయిన గదికి మిగిలిపోయిన మనిషి చక్కగా సరిపోయారు.

"ఈ విభాగం పనేమిటి సార్?" అని ఆవిడ అడిగారు.

"పేరులోనే ఉంది కదండీ, మార్గం చూపించడం," అన్నారు హెడ్మాస్టరు గారు. "మనది ఎనిమిదేళ్లుగా నూటికి నూరు శాతం ఉత్తీర్ణత వస్తున్న బడి. ఈ ఏడు చివరి తరగతిలో పదకొండుమంది ఆ నూరుకు అడ్డం పడేలా ఉన్నారు. వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ప్రేమగా మాట్లాడండి. తమ భవిష్యత్తు మరో బడిలో ఉందని వాళ్లకే అనిపించాలి. వాళ్లంతట వాళ్లే టీసీ అడగాలి. మనం పొమ్మనకూడదు, అది అమానుషం."

"ఎక్కడికి పోతారు సార్?"

"ఆ విషయంలో మనం జోక్యం చేసుకోకూడదు. గేటు దాకా మార్గం చూపిస్తే మన బాధ్యత తీరిపోతుంది. అవతల వాళ్ల స్వేచ్ఛ."

పదకొండు టీసీలూ నేను ఆ సాయంత్రమే రాసిపెట్టాను. బడి మారడానికి కారణం అన్నచోట 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాసి, తారీఖు ఒక్కటీ ఖాళీగా వదిలాను. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు.

జాబితాలో మొదటి పేరు చివరి బెంచీ అమ్మాయిది. ఆ అమ్మాయి మూడేళ్ల క్రితం రెండో బెంచీలో ఉండేది. మా బడిలో మార్కులను బట్టి బెంచీలు. మార్కులు తగ్గినకొద్దీ వెనక్కి పంపుతాం, దానివల్ల పిల్లల్లో ముందుకు రావాలన్న పట్టుదల పెరుగుతుందని. ఈ అమ్మాయి మాత్రం ఏ పట్టుదలా చూపకుండా, పరీక్షకొక బెంచీ చొప్పున వెనక్కి జరుగుతూ గోడదాకా వచ్చింది. గోడ లేకపోతే ఇంకా వెళ్లేదే.

నేను టీసీ పట్టుకుని అక్కడే ఉన్నాను కనుక ఆ రోజు జరిగింది కళ్లారా చూశాను. అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. తిన్నగా మూలకు వెళ్లి అస్థిపంజరం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"నమస్తే సార్. పిలిచారట," అంది.

నేను నవ్వాపుకోలేక దగ్గాను. కుట్టు టీచరు నవ్వలేదు.

"ఇటు రామ్మా. పిలిచింది నేను. అక్కడ ఎవరున్నారనుకున్నావు?"

"సైన్సు సార్ కదా టీచర్. తెల్లకోటు కనిపిస్తోందిగా."

"సార్ ముఖం ఎలా ఉందివాళ?"

అమ్మాయి కళ్లు చిట్లించి కాసేపు చూసింది. "కొంచెం చిక్కినట్టున్నారు," అంది.

"క్లాసులో బోర్డు మీద రాసింది కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది టీచర్. తెల్లగా."

"అక్షరాలు?"

"అక్షరాలెలా కనిపిస్తాయి టీచర్ అంత దూరం నుంచి? తెలివైనవాళ్లు ఊహించుకుంటారు. నాకా తెలివి లేదు."

 ఆవిడ నా చేతిలోంచి టీసీ తీసుకుని, బల్లసొరుగులో వేసి, "వాళ్ల నాన్నగారికి కబురు పెట్టండి," అన్నారు. నేను పెట్టాను. టీసీ పని కొలిక్కి వస్తోందనే అనుకున్నాను.

తండ్రి వాచీలు బాగుచేస్తాడు. వస్తూనే, "ఏ బడిలో వేసినా ఇంతే టీచర్, దాని బుర్ర అలాంటిది," అన్నాడు. ఆవిడ విషయం చెప్పారు. 

"మూడేళ్లుగా కార్డు మీద 'శ్రద్ధ లేదు' అని మీరే రాశారు కదండీ," అన్నాడాయన. "ఇంటికెళ్లి నేనూ అదే మాట అంటూ వచ్చాను. చీమ తలంత మరలు చూసే కళ్లు నావి. ఎదురుగా కూర్చుని అన్నం తినే పిల్ల కళ్లు చూడలేదు." అంటూ జేబురుమాలు తీసి అద్దం తుడిచినట్టు ముఖం తుడుచుకున్నాడు.

వారం తిరిగేసరికి అమ్మాయికి కళ్లజోడు వచ్చింది. దానివల్ల బడికి కలిగిన ఇబ్బందులు ఇన్నీ అన్నీ కావు. కనిపించినవన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది. లెక్కల మేస్టారు బోర్డు మీద ఏడును ఒకటిగా దించితే, లేచి నిలబడి ఆ సంగతి చెప్పింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అలాంటి అవమానం ఎరగనని ఆయన హెడ్మాస్టరు గారికి రాతమూలకంగా ఫిర్యాదు చేశారు. కళ్లజోడు పెట్టుకున్న దగ్గర్నుంచీ ఆ విద్యార్థినిలో క్రమశిక్షణ తగ్గిందని ఫైల్లో నేనే రాశాను.

మిగిలినవాళ్ల సంగతీ అంతే. ఒకతనికి కుడిచెవి వినపడదు, మేం వాణ్ణి ఎడమగోడ పక్కన కూర్చోబెట్టి, పాఠమంతా ఆ చెవికే చెబుతున్నాం. ఇంకొకడు తెల్లవారుతూనే తల్లితో వెళ్లి ఆఫీసులు ఊడ్చి వస్తాడు, మొదటి పీరియడులో నిద్రపోతాడు. ఆవిడ వాడికి తన గదిలో బల్ల చూపించి పడుకోమన్నారు. ఆ పాఠం మధ్యాహ్నం మళ్లీ చెప్పేలా తెలుగు మేస్టారిని బతిమాలుకున్నారు. ఇద్దరమ్మాయిలకు ఏ లోపమూ లేదు, లెక్కల మేస్టారంటే భయం. అది మా అందరికీ ఉన్నదే. ఒక్క పొడుగబ్బాయి దగ్గర మాత్రం ఆవిడకు ఏమీ దొరకలేదు. అతని కాగితం మీద, 'ఇతనికి ఏ సమస్యా లేదు. లెక్కలు రావు. నేర్పవలసినవారు నేర్పవలెను' అని రాశారు. ఇలాంటి భాష ఆఫీసు కాగితాల్లో వాడరాదని నేను చెప్పి చూశాను.

మూడు నెలలైనా సొరుగులోంచి ఒక్క టీసీ బయటికి రాలేదు. హెడ్మాస్టరు గారు మెమో ఇచ్చారు: 'పదకొండుమందికి మార్గం చూపవలసి ఉండగా ఒక్కరికీ చూపలేదు. పైగా వారు ఉన్నచోటనే ఉండునట్లు ప్రోత్సహించినట్టు తెలియవచ్చింది. సంజాయిషీ ఇవ్వవలెను.' ఆవిడ ఒక్క వాక్యం రాసిచ్చారు: 'పిల్లలు దారి తప్పలేదండి, మనమే బెంచీలు తప్పుగా వేశాం.'

ఆవిడ మీద చర్య తీసుకోబోతుండగానే తనిఖీ అధికారులు దిగారు. వాళ్లు ఆవిడ రాసిన పదకొండు కాగితాలూ చదివి, పిల్లల్ని పిలిచి మాట్లాడి, ఇంత మంచి మార్గదర్శక విభాగం ఎక్కడా చూడలేదన్నారు. హెడ్మాస్టరు గారు మెమో ఫైలు మీద అరచెయ్యి ఆనించి లేచి నిలబడ్డారు.

"వెనకబడినవారే నా ప్రాణం," అన్నారు గద్గదంగా. "ఈ పదకొండుమందినీ నేను స్వయంగా ఏరాను. జాబితా నా చేతిరాతలోనే ఉంది, చూడవచ్చు."

అది అక్షరాలా నిజం. ఆ ఏడు ఉత్తమ మార్గదర్శి జ్ఞాపిక ఆయనకే వచ్చింది. చప్పట్లు కొట్టినవాళ్లలో కుట్టు టీచరు కూడా ఉన్నారు.

తర్వాత ఫలితాలు వచ్చాయి. పదకొండుమందిలో పదిమంది గట్టెక్కారు. వాచీల ఆయన కూతురు మంచి మార్కులతో పాసైంది. పొడుగబ్బాయి లెక్కల్లో మూడు మార్కులు తగ్గి తప్పాడు. "మళ్లీ రాస్తాలెండి టీచర్, ఈసారి సగం లెక్కలు అర్థమయ్యాయి," అని ఆవిడతో చెప్పి వెళ్లాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి మా బడికి తొంభై తొమ్మిది శాతం వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం తల్లిదండ్రుల సమావేశానికి హాలు నిండిపోయింది. గట్టెక్కిన పదిమంది ఊసు ఎవరూ ఎత్తలేదు. మందుల షాపాయన లేచి, "మా వాడికి నూటికి తొంభై ఆరొచ్చాయి. ఏం లాభం. తొంభై తొమ్మిది శాతం బడిలో చదివాడని జీవితాంతం చెప్పుకోవాలి," అన్నాడు. హాలంతా అవునవునంది.

అప్పుడు వాచీల ఆయన లేచాడు. కుట్టు టీచరు తలెత్తి చూశారు. ఆయన నాలుగు మంచి మాటలు చెబుతాడనే నేనూ అనుకున్నాను.

"వచ్చే ఏడు మా రెండోవాణ్ణి ఇక్కడే వేద్దామనుకుంటున్నానండి," అన్నాడాయన వినయంగా. "ఇలాంటి పొడుగబ్బాయిలను ముందే చూసుకుని పంపేసి ఉంటే బడికి ఈ మాట వచ్చేది కాదు కదా. ఆ విభాగం ఉన్నది ఎందుకండీ మరి?"

అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి. పక్కన కూర్చున్న కూతురు కళ్లజోడు తీసి, మడిచి, చేతిలో పట్టుకుని కూర్చుంది. సభ ముగిసేదాకా మళ్లీ పెట్టుకోలేదు.

ప్రజాభిప్రాయాన్ని మన్నించి విభాగాన్ని బలోపేతం చేశారు. సర్టిఫికెట్లున్న కొత్త అధికారి వచ్చారు. కుట్టు టీచరును పాఠ్యపుస్తకాల గోదాముకు బదిలీ చేశారు. కొత్తాయన వచ్చిన మొదటి నెలలోనే పద్నాలుగుమంది తమ భవిష్యత్తును తెలుసుకుని గేటు దాటారు. ఈ ఏడు ఫలితాల మీద ఎవరికీ అనుమానం లేదు.

అయినా మా అబ్బాయిని నేను ఇక్కడ ఉంచలేదు. వాడు వచ్చే ఏడు చివరి తరగతి, చదువులో మధ్యస్థం, అంటే ఇంట్లో అలా అనుకుంటాం. ఎంతైనా తొంభై తొమ్మిది తొంభై తొమ్మిదే. పక్కవీధి బడిలో పదకొండేళ్లుగా నూటికి నూరు. అక్కడి గుమస్తా నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి, ఫారం ముందుపెట్టి, "మా దగ్గర మార్గదర్శక విభాగం చాలా బాగా పనిచేస్తుంది సార్," అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ ఉండడు. సంతకం పెట్టి వచ్చాను. మీరూ మొన్న మీ పిల్లల్ని చేర్చేటప్పుడు, మొదట శాతమే కదా అడిగారు.