రెండో నమూనా

పనిలో పని అనుకోవడమే ఆ సోమవారం పొద్దున ఎముకల మాస్టారు చేసిన తప్పు. మ్యూజియంలో ఆయన ఉద్యోగం, పాత ఎముకలు చూసి ఆ మనిషి ఏ జబ్బుతో పోయిందీ చెప్పడం. తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి ఒక స్త్రీ అస్థిపంజరం మూడేళ్ళుగా, వచ్చేపోయేవాళ్ళు చూసేలా, ఆయన బల్ల మీదే ఉంది. ఆవిడ క్షయతోనే పోయిందని మాస్టారి పట్టు. "వెన్నుపూస కాస్త తినేసినట్టుంటే సరా? రుజువేదీ?" అని డైరెక్టరు మెలిక. అందుకని ఆ వెన్నుపూస గీకిన పొడి చిటికెడు చిన్న సీసాలో పోసుకుని, ల్యాబుకు బయల్దేరబోతుంటే వంటగదిలోంచి తల్లి కేకేసింది.

"ఒరే, నా మెడ గడ్డ సంగతి మర్చిపోయావా? మొన్న డాక్టరు గడ్డలోంచి సూదితో తీసింది పూసిన గాజు ముక్కలు ఆ పెట్టెలో ఉన్నాయి. ల్యాబులో ఇమ్మన్నాడుగా!"

"అదెలా మర్చిపోతానే!" అని మర్చిపోయిన మాస్టారు ఆ పెట్టె కూడా సంచిలో వేసుకున్నారు. ఆవిడకు అరవై ఎనిమిదేళ్ళు. నెల రోజులుగా మెడ పక్కన రేగిపండంత గడ్డ. క్యాన్సరేమో అన్న మాట పైకి అనలేదు గానీ, తన వస్తువులు ఎవరికి ఏవి చెందాలో ఒక చీటీ మాత్రం రాసి దిండు కింద పెట్టుకుంది.

ల్యాబు కౌంటరులో కూర్చున్నావిడ కంప్యూటరు మీంచి తలెత్తకుండా "పేషెంటు వయసు?" అంది.

"రెండు వేలు. ఓ యాభై అటూ ఇటూ."

ఆవిడ తలెత్తింది. మాస్టారు సంగతంతా విడమరిచి చెప్పారు.

"నూట ఇరవై దాటితే ఇది ఒప్పుకోదండీ. పైగా ఒక ఫోను నంబరుకి ఒకే పేషెంటు. ఇద్దరివీ మీ అమ్మగారి పేరు మీదే ఎక్కించేస్తాను. నమూనా ఒకటి, నమూనా రెండు. సరేనా?"

"భేషుగ్గా!" అన్నారు మాస్టారు. చిరునామా అడిగితే మ్యూజియందే ఇచ్చారు. పగలంతా ఉండేది అక్కడే మరి.

బుధవారం పదింటికి ఫోనుకు కబురొచ్చింది. మొదటి నమూనాలో ఏ వ్యాధి లక్షణాలూ లేవు. రెండో నమూనాలో క్షయ, సందేహం లేదు.

మాస్టారికి కాళ్ళు నేల మీద ఆనలేదు. తల్లికి ఏమీ లేదు, ఎముకకు క్షయ! అడిగిన వరాలు రెండూ ఒకేసారి దొరికాయి. మూడేళ్ళు మెలికలు పెట్టిన డైరెక్టరు "నేను మొదట్నించీ అంటున్నదే కదయ్యా" అని ప్లేటు ఫిరాయించి, మూడింటికి విలేఖర్లను రమ్మన్నాడు. మాస్టారు ఇంటికి ఫోను చేశారు.

"అమ్మా, నీకేం లేదే! టీబీ వచ్చింది, టీబీ!"

"ఎవరికిరా?"

"నా ఎముకకి!"

"నీ మతి మండా!" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

మూడింటికి విలేఖర్లతో పాటు సంచి తగిలించుకుని ఒక నర్సమ్మ కూడా దిగింది. క్షయ అని తేలితే ల్యాబు నుంచి ఆరోగ్య కేంద్రానికి కబురు వెళ్తుంది. రోగి అక్కడే ఉంటుందనుకుని, ల్యాబులో ఇచ్చిన చిరునామాకు వచ్చిందావిడ. ఎముక ఖ్యాతి అప్పుడే అంతదాకా పాకిందనుకుని మాస్టారు పొంగిపోయారు.

"ఎక్కడున్నారండీ ఆవిడ?"

"లోపల బల్ల మీద పడుకోబెట్టాం. మూడేళ్ళయింది."

"మూడేళ్ళుగా మంచానే ఉన్నారా! మందులేమన్నా?"

"పురుగు పట్టకుండా ఏడాదికోసారి చల్లుతున్నాం."

నర్సమ్మ కలం ఆగిపోయింది. "దగ్గరగా... ఎవరెవరు తిరుగుతున్నారు?"

"టిక్కెట్టు కొన్నవాళ్ళందరూనమ్మా!"

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది. బల్ల మీదున్నది చూసి పెట్టిన కేకకు విలేఖర్లు ఆరుగురూ లేచి నిలబడ్డారు. నర్సమ్మ ల్యాబుకు ఫోను కలిపి, నాలుగు మాటలు చెప్పి, దాన్ని మాస్టారి చేతిలో పెట్టింది.

"ఎముకేమిటండీ?" అంది అవతల డాక్టరమ్మ. "రెండో నమూనాలో కణాలు నిక్షేపంలా ఉన్నాయి. బతికున్న మనిషివి. మీ పాత పొడిలో అలాంటివెక్కడుంటాయి? మొదటిదే ఉత్త సున్నంలా ఉంది. అందులో ఏమీ దొరకలేదు."

మాస్టారు ఒప్పుకోలేదు. "కాదండీ, ముందిచ్చింది అమ్మదే! అమ్మ తర్వాతే కదండీ నాకేదైనా!"

ఫోను కౌంటరులో ఆవిడ చేతికి వెళ్ళింది. "మీరు ముందు పెట్టింది ఎముక సీసానేనండీ. ఇంకేమన్నా ఉన్నాయా అని నేనడిగితే, అప్పుడు తీశారు అమ్మగారిది."

మాస్టారికి సిగ్గు, భయం రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. అవతల గదిలో డైరెక్టరు గొంతు సవరించుకుని, "చిన్న సవరణ. క్షయ వచ్చిన మాట నిజమే, కానీ ఈవిడకు కాదు, మావాడి తల్లికి" అంటున్నాడు. విలేఖర్లు రాయడం మానేశారు.

నర్సమ్మను వెంటబెట్టుకుని మాస్టారు ఇంటికి వెళ్ళారు. నర్సమ్మే చెప్పింది. "క్యాన్సరు కాదమ్మా. టీబీ గడ్డ. ఆర్నెల్లు మాత్రలు వేసుకుంటే పోతుంది. సాయంత్రాలు జ్వరమేమన్నా వస్తోందా?"

"నెల్లాళ్ళుగా ఒళ్ళు కాలిపోతోంది."

"నాకు చెప్పలేదేమే?" అన్నారు మాస్టారు అదిరిపడి.

"చెప్పాను. ఎముకలు దులిపే నా చిన్న బ్రష్షు చూశావా అనడిగావు."

క్యాన్సరు కాదన్న మాట అప్పుడు ఒంటబట్టిందేమో, ఆవిడ గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. దిండు కింది చీటీ తీసి నాలుగు ముక్కలు చేసింది. "పొద్దున వీడు ఫోను చేసినప్పుడే ఎక్కడో తేడా కొట్టిందమ్మా. నా గురించి వీడు జన్మలో అంత సంబరపడింది లేదు."

"రోజూ మాత్రలు మింగేటప్పుడు ఒకరు ఎదురుగా కూర్చుని చూడాలి. మీ అబ్బాయి చూస్తారా?"

"వాడి కంటికి ఆనాలంటే ముందు నన్ను పాతిపెట్టాలి తల్లీ."

మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదింటికల్లా మాస్టారు ఎదురుగా కూర్చున్నారు. మాత్ర మింగినట్టు ఆవిడ నోరు తెరిచి చూపించగానే పళ్ళ అరుగుదలను బట్టి వయసు లెక్క కట్టబోయి, ఆవిడ చూసిన చూపుకు మానుకున్నారు.