పాతిక మిల్లీమీటర్లు

శుక్రవారం పొద్దున్న కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. కళ్ళజోళ్ళ దుకాణం తెరిచేలోగా మెకానిక్‌కి ఫోను చేయాలి. ఆదివారం పది గంటలకి మైదానంలో జరిగే పాత కార్ల ప్రదర్శనకి తన కారును ముస్తాబు చేయించాలి. ఈ సంగతి భార్య చెవిన పడకూడదు. అంతే.

కారంటే మామూలు కారు కాదు. పద్దెనిమిదేళ్ళ వయసున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు. ముగ్గురున్న ఇంటికి ఇద్దరు మాత్రమే పట్టే కారు తెచ్చినప్పుడే లెక్కల టీచరైన భార్య పెదవి విరిచింది. ఆ తర్వాత అతను దానికి స్టీరింగు మార్చాడు, సీట్లు మార్చాడు, చివరికి గేరు మీది గుండు కూడా మార్చాడు. "ఇక ఆ కారుకి ఒక్క నట్టు కొన్నా నేను మీతో మాట్లాడను," అని ఆమె తేల్చి చెప్పేసింది. కానీ కారును వెనక నుంచి చూసినప్పుడల్లా అతని ప్రాణం ఉసూరుమనేది. వెనక చక్రాలు బాడీ కిందికి నక్కిపోయి, కారు మొత్తం అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా కనిపించేది. రోజంతా మనుషుల కనుపాపల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచేవాడికి అది భరించరానిదే.

"ఆఫ్‌సెట్ అంటే ఏం లేదు సార్," అన్నాడు మెకానిక్ ఫోనులో. "చక్రం నడిమధ్యకీ, బోల్టులు బిగించే చోటుకీ ఉన్న దూరం. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. మీవి నలభై అయిదువి. ముప్పై అయిదువి వేస్తే పది మిల్లీమీటర్లు బయటికొస్తాయి. ఇంకో అయిదు కావాలంటే వెనకాల స్పేసర్ వేద్దాం. గుండ్రటి అల్యూమినియం బిళ్ళ. అప్పుడు బాడీ అంచుకి సరిగ్గా సమానం."

"అయితే ఆఫ్‌సెట్ ముప్పై అయిదు ఖాయం చేసెయ్. స్పేసర్లు ఎంతన్నది సాయంత్రం చెప్తాను. అంచు ముఖ్యమయ్యా! ఎరుపు పక్కన అంచు తేడాగా ఉంటే మొత్తం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆదివారం పొద్దుటికల్లా చేతికి రావాలి. మా ఇంట్లో ఎవరికీ తెలీకూడదు సుమా!"

కిటికీ అవతల కుండీలకి నీళ్ళు పోస్తున్న మామగారి చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

ఆ పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్ళు ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు. సీసపు అక్షరాల అవసరమే లేని ఆఫ్‌సెట్ అచ్చు మిషను వచ్చిన ఏడాదే ఆయన పని పోయింది. అప్పటి నుంచి ఆ మాట వింటే చాలు, ముఖం పక్కకి తిప్పుకునేవాడు. రెండేళ్ళ క్రితం తన జీవితమంతా మూడు వందల పన్నెండు పేజీల్లో రాసి, "తీరిక చూసుకుని చదువు అల్లుడూ," అని కళ్ళజోళ్ళాయన చేతిలో పెట్టాడు. అల్లుడు నాలుగు పేజీలు చదివి, మిగతాదాన్ని ఎంతో గౌరవంగా అల్మారా పై అరలో పెట్టాడు. పెద్దాయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అల్లుడు ఆ అల్మారా తలుపు తీసినప్పుడు మాత్రం చిన్నగా దగ్గేవాడు.

ఆఫ్‌సెట్, స్పేసు, అంచు, ఎరుపు, ఆదివారం, ఇంట్లో ఎవరికీ తెలీకూడదు! ఇక అనుమానమేముంది? తన పుస్తకం అచ్చవుతోంది.

కాఫీ దగ్గర పెద్దాయన గొంతు తగ్గించాడు. "అల్లుడూ, ఆఫ్‌సెట్ అంటే నాకు గిట్టేది కాదు. నువ్వు పూనుకున్నావు గనక ఇక దాని మీద కోపం లేదు."

కళ్ళజోళ్ళాయనకి పొలమారింది. "విన్నారా మామయ్యగారూ? మీ అమ్మాయికి చెప్పకండి."

"చెప్తానా? ఇంతకీ అంచుకి ఎంత వదిలిస్తున్నావు?"

"అయిదు మిల్లీమీటర్లు వేయిద్దామని..."

"మరీ అయిదా! ఇరుకైపోతుందయ్యా, ఊపిరాడదు. పాతిక ఉండాలి. పట్టుకుంటే బొటనవేలు హాయిగా ఆనాలి. పాతికకి తగ్గితే చూసినవాళ్ళు నవ్వుతారు."

"మీకు వీటి గురించి ఇంత తెలుసా?"

"భలేవాడివే! ముప్పై ఎనిమిదేళ్ళు నేను చేసిందేమిటి?"

యంత్రాల మధ్య బతికిన మనిషికి ఇనుము సంగతి తెలియదా అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. సాయంత్రం మెకానిక్‌కి చెప్పేశాడు.

"పాతికా! ఆఫ్‌సెట్ పది, స్పేసర్ పాతిక, మొత్తం ముప్పై అయిదు. టైరు బయటికి తన్నుకొస్తుంది సార్."

"మా మామగారి లెక్క. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం."

మెకానిక్ అనుభవం పదకొండేళ్ళే. పాతికవే రాసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నానికి రహస్యం దాచుకోలేక పెద్దాయన కడుపు ఉబ్బిపోయింది. ఒక్కరికే చెప్దామని పాత ప్రెస్సులో బైండింగు చేసిన మిత్రుడికి చెప్పాడు. బైండరు ఒక్కరికే చెప్దామని మిషను నడిపినాయనకి చెప్పాడు. మిషనాయన లైబ్రరీకి వెళ్ళి అక్కడి ఉద్యోగినికి చెప్పాడు. ఆమె సరాసరి పెద్దాయన కూతురికే ఫోను చేసి, "మీ వారిది ఎంత మంచి మనసండీ! రేపు పొద్దున్న మేమంతా వస్తున్నాం," అంది.

సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన భర్త ముందు టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. "నాకంతా తెలిసిపోయింది."

అతను చెప్పులు విప్పకుండానే ఆగాడు. "కోపం వచ్చిందా?"

"కోపమెందుకండీ? మీ మనసులో ఇంత ఉందని నాకేం తెలుసు? ఎర్రదేనటగా?"

"ఎర్రదే," అన్నాడు అయోమయంగా.

"నాన్నకి ఎరుపంటే ప్రాణం. రేపు అందరూ చూడ్డానికి వస్తున్నారు. మీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను."

ఇలాంటి ఇల్లు ఎంతమందికి దొరుకుతుందని అతను చాలాసేపు మురిసిపోయాడు.

ఆదివారం ఏడింటికి షెడ్డులో చక్రాల బిగింపు అయింది. టైర్లు బాడీ దాటి రెండు వేళ్ళ మందాన బయటికి పొడుచుకొచ్చాయి.

"కాస్త పొగరుగా ఉంది సార్," అన్నాడు మెకానిక్ నసుగుతూ.

"అదే అందం," అన్నాడు కళ్ళజోళ్ళాయన, తనకీ పూర్తిగా నమ్మకం కుదరకపోయినా. మొదటి మలుపులో కారు కీచుమంది. కొత్త చెప్పు కరిచినట్టే, సర్దుకుంటుందనుకున్నాడు. మెకానిక్ మాత్రం మనసొప్పక మోటారు సైకిలు మీద వెంటే వచ్చాడు.

ఇంటి గేటు ముందుకొచ్చేసరికి లోపల రెండు వరుసల కుర్చీలు, తెల్లగుడ్డ పరిచిన బల్ల, పదకొండు మంది పెద్దవాళ్ళు కనిపించారు. అతన్ని చూడగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తన కారు కోసం ఇంతమందా! అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మలో గేటు దగ్గరి మిట్ట సరిగా కనబడలేదు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక భాగం ధబ్బున కూలబడింది. బాడీ అంచు రెండు టైర్లనీ పళ్ళతో కరిచినట్టు కరిచి పట్టుకుంది. గేదె అరిచినంత చప్పుడు, కాలిన రబ్బరు వాసన. కారు గేటులో ఇరుక్కుపోయి అటూ కదలదు, ఇటూ కదలదు.

పెద్దాయన ఇదేదీ పట్టించుకోలేదు. గబగబా వచ్చి, గోడకీ కారుకీ మధ్య పక్కవాటుగా దూరి డిక్కీ మీద చెయ్యి వేశాడు. "తియ్యి నాయనా! మొదటి ప్రతి నా చేత్తోనే తీసుకుంటాను."

డిక్కీ తెరుచుకుంది. లోపల ఒక జాకీ, నాలుగు మసిగుడ్డలు ఉన్నాయి.

"పుస్తకాలేవి?"

"ఏ పుస్తకాలు?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

నోరు జారిన తర్వాతే ఆ రెండు మాటల బరువు అతనికి తెలిసింది. టీచరమ్మ టైర్ల వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, భర్త వైపు చూసింది. లెక్క తేలిపోయింది. పెద్దాయన డిక్కీని మెల్లగా మూశాడు. "నీ తప్పేం లేదు. ముసలాణ్ణి, నేనే ఏదో అనుకున్నాను," అని లోపలికి వెళ్ళి, బల్ల మీది తెల్లగుడ్డను చివరలు కలిపి జాగ్రత్తగా మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మడతపెట్టడం చూడలేక కళ్ళజోళ్ళాయన అందరికీ వినబడేలా చెప్పేశాడు. "నేను మాట్లాడింది కారు చక్రాల గురించి. ఆయన పుస్తకం రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. నాలుగు పేజీలే చదివాను."

బైండరు లేచి నిలబడ్డాడు. "పదండ్రా పోదాం."

పోవడానికి దారేది? గేటు నిండా కారు, బక్కపలచని పెద్దాయన దూరిన సందు వీళ్ళెవరికీ చాలదు. ఆ వయసులో ప్రహరీ దూకేవాళ్ళు ఆ పదకొండు మందిలో ఒక్కరూ లేరు.

"రెండు గంటలు పడుతుంది," అని బయటి నుంచి కేక వేశాడు మెకానిక్.

కళ్ళజోళ్ళాయన ఇంట్లోకి వెళ్ళి అల్మారా తలుపు తీశాడు. ఈసారి ఎవరూ దగ్గలేదు. కాగితాల కట్ట తెచ్చి బల్ల ముందు నిలబడి, అయిదో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఎనిమిదో పేజీలో, కంపోజిటరు ఉద్యోగంలో చేరిన తొలివారం, 'సభ విజయవంతంగా ముగిసింది' అని పేర్చబోయి 'మునిగింది' అని పేర్చేశాడు. యజమాని హడలిపోయి క్షమాపణ చెప్పడానికి పరిగెత్తితే, ఆ సభాధ్యక్షుడు "ఇన్నాళ్ళకి పేపర్లో నిజం వచ్చిందయ్యా!" అన్నాడట. బైండరు పగలబడి నవ్వాడు. మిషనాయన "ఒరేయ్, ఆ కాపీ ఇంకా నా పెట్టెలో ఉందిరా," అన్నాడు. చదువుతున్నవాడికీ నవ్వాగలేదు.

అరవై రెండో పేజీలో ఆయనకి కూతురు పుట్టింది. పాపకి పెట్టాలనుకున్న పేరును సీసపు అక్షరాలతో పేర్చి, దారంతో కట్టి, జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. అచ్చు అక్షరాలు తిరగబడి ఉంటాయి కనక నర్సుకి ఏమీ అర్థం కాలేదు. చివరికి చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం ముందు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పాపని పిలిచింది. తనని మొట్టమొదట పేరుతో పిలిచిందెవరో టీచరమ్మకి ఆ రోజే తెలిసింది. తండ్రి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన చేతిలోని తెల్లగుడ్డ మడతతోనే కళ్ళు ఒత్తుకుంది. పెద్దాయన మాత్రం "ఆ వాక్యంలో కామా మింగేశావు అల్లుడూ," అన్నాడు.

మధ్యాహ్నానికి మెకానిక్ స్పేసర్లు ఊడదీసి, కారును వెనక్కి లాగి, "దారి అయిందండీ, వెళ్ళచ్చు," అన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"ఉండవయ్యా! ప్రెస్సులో అగ్గి అంటుకుంది," అంది లైబ్రరీ ఉద్యోగిని. మెకానిక్ చేతులు తుడుచుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

చదవడం అయ్యేసరికి అయిదైంది. మైదానంలో ప్రదర్శన ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కళ్ళజోళ్ళాయనకి గుర్తే రాలేదు. తడారిన గొంతుతో మామగారి ముందు కూర్చుని, "నన్ను క్షమించండి మామయ్యగారూ. ఇంత బాగుంటుందని నాకు తెలీదు," అన్నాడు.

"నాకూ తెలీదు," అన్నాడు పెద్దాయన.

అచ్చు బాధ్యత మిషనాయన తీసుకున్నాడు, కుట్టు బైండరు తీసుకున్నాడు. కారు మాత్రం ఒరిసిపోయిన అంచులు సరిచేయడానికి మళ్ళీ షెడ్డుకే వెళ్ళింది.

నెల దాటింది. మెకానిక్ ఇప్పుడు తన జీవితకథ రాస్తున్నాడు, కళ్ళజోళ్ళాయన తొమ్మిదో అధ్యాయం చదివి అభిప్రాయం చెప్పేదాకా కారుకి రంగు ఆరదట.