మేకప్ మేస్త్రి సొంత తయారీ

ఆయన "చెయ్యి" అంటే ఆవిడకు "చాయ్" అని వినబడి టీ పట్టుకొచ్చింది. మేకప్ మేస్త్రి విసుక్కుని, భార్య ముంజేతిని కిటికీ వెలుతురులోకి లాగి తదేకంగా చూశాడు. ఇక రోజూ అదే తంతు. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడికి ప్రేమ మొలకెత్తిందని ఆవిడ మురిసిపోయి గాజులు కూడా మార్చింది.

అసలు సంగతి వేరు. ఆయన పనిచేసే టీవీ కామెడీలో నల్లటి వంటమనిషి వేషం ఒకటుంది. వేసేది మాత్రం పాలమీగడలాంటి నటి. పూసిన నలుపు బూటు పాలిష్‌లా ఉంటుంది, పైగా లైట్ల వేడికి కారుతుంది. ఇంకోసారి కారితే ఉద్యోగం ఊడుతుందని దర్శకుడు తేల్చేశాడు. అందుకని కొత్త రంగు కలపడానికి మేస్త్రి పెళ్లాన్ని నమూనాగా పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం ఆవిడ టీవీ పెట్టింది. వంటమనిషి గదిలోకి రాగానే హీరో కరెంటు పోయిందా అని అడిగాడు. వెనకాల రికార్డు చేసిన నవ్వులు. ఆ మొహానికి ఉన్నది అచ్చం తన చేతి రంగే. చెయ్యి పట్టుకున్నవాడే తనకు చెయ్యిచ్చాడని ఆవిడకు అప్పుడర్థమైంది.

మర్నాడు తగువు పెట్టుకోవడానికి నేరుగా స్టూడియోకే వెళ్లింది. అక్కడ మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు. రంగు పడక నటికి మొహమంతా దద్దుర్లట, రానని కబురు పంపిందట. భార్యను చూడగానే ఆయన బుర్ర వెలిగింది. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదని బతిమాలి, ఆవిడకు వంటమనిషి చీర కట్టించాడు.

దర్శకుడికి అనుమానమే రాలేదు. ఆ వేషం మొహం ఇన్నాళ్లూ ఎవరు చూశారు గనక, అందరూ చూసేది రంగే.

సీను ప్రకారం హీరో ఆవిడ నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించాడు. రంగు చెక్కుచెదరలేదు. యూనిట్ అంతా చప్పట్లు. ఇదెక్కడి సరుకని దర్శకుడు అడిగితే మేస్త్రి ఛాతీ ఉబ్బింది.

"సొంత తయారీ సార్."

"అయితే రేపు వంటమనిషి చుట్టాలంతా దిగే ఎపిసోడ్. అందరికీ ఇదే పుయ్యి."

మేస్త్రి మొహాన ఏ రంగూ మిగల్లేదు. దిక్కుతోచక భార్య వైపు చూశాడు.

"ఆయన తయారీ కాదండీ," అంది ఆవిడ. "మా అమ్మానాన్నల తయారీ. నేను ఈయన భార్యని."

ఆ తర్వాత ముంజేతి పరీక్షల దగ్గర్నుంచి దద్దుర్ల దాకా యూనిట్ మొత్తానికీ విడమరిచి చెప్పింది. మేస్త్రి పౌడరు డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు.

దర్శకుడు నాలిక్కరుచుకుని, ఇకమీదట ఆ వేషం ఆవిడే వెయ్యాలన్నాడు. వేస్తాను గానీ రంగు మీద జోకులు తీసెయ్యాలంది. రచయిత కొట్టేసుకుంటూ పోతే వంటమనిషి పాత్రలో మిగిలింది "వస్తున్నానండీ" ఒక్కటే.

"నిదానంగా రాయండి బాబూ, ఆగుతాను," అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏమండీ, ఇప్పుడు మీకెలాగూ పనేం లేదుగా. కాస్త తల తుడవండి."